దయ తలచమని రాసిన సిఫారసు

ఎస్తేరు మేడం పోయిందని తెలిసిన మర్నాడు తిరుపతిలో తొలి బస్సు పట్టుకుని చిత్తూరు వెళ్లాను. ఇంటర్‌లో నాకు జువాలజీ చెప్పిన మనిషి ఆమె. సమాధుల తోట నుంచి తిరిగి వచ్చాక, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని పేపరు కప్పుల్లో కాఫీ తాగుతూ, పాత విద్యార్థులమంతా ఆమె గురించి మాట్లాడుకున్నాం. చిత్రమేమిటంటే ఎవరూ ఆమె పాఠాల గురించి చెప్పలేదు. అందరూ ఆమె తమకు రాసిచ్చిన సిఫారసు ఉత్తరాల గురించే చెప్పారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన, తనను కన్నతల్లి కూడా అంతగా మెచ్చుకోలేదని కళ్లు తుడుచుకున్నాడు. నా వంతు వచ్చింది. “ఈ పిల్ల ఎదురు మాట్లాడుతుంది అని నా గురించి రాసింది మేడం” అన్నాను. అందరూ నవ్వారు. మేడం చెల్లెలు మాత్రం నవ్వకుండా నా వైపు తిరిగి, “ఉత్తరం వెనక్కిచ్చిన పిల్లవు నువ్వేనామ్మా? మా అక్క కడదాకా నీ మాటే సెప్తా ఉన్నింది” అంది. నేనేనన్నాను. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని, ఆ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదా అనుకున్నాను. రాస్తే ఎవరైనా పశ్చాత్తాపం ఆశిస్తారేమోనని జంకి ఉంటాను. నా దగ్గర అది లేదు.

మాది దూదేకుల ఇల్లు. నమాజు చేస్తాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం, తండ్రిని నాయనా అనే పిలుస్తాం. నాకు మా జేజి, అంటే నాయన తల్లి పేరు పెట్టారు, హుసేనమ్మ అని. తిరుపతి పాత ఊళ్లో మాకు రెండు గదులు ఉండేవి. ముందు గది దూదిది, వెనక గది మనుషులది. ముందు గదిలో దూలానికి ఏకేబద్ద వేలాడుతూ ఉండేది. పెద్ద విల్లులాంటి ఆ బద్ద నారిని నాయన కొయ్యగుండుతో కొడుతుంటే వీధి మలుపు దాకా దాని మోత వినిపించేది. ఆ మోత ఆగితేనే నాకు మెలకువ వచ్చేది. లాడ్జీల నుంచి పాత పరుపులు రిక్షాలో దిగేవి. వాటిని విప్పితే ఊరూరి యాత్రికుల వాసన గుప్పున వచ్చేది. కొబ్బరినూనె, గుండ్లకు పూసుకున్న చందనం, కర్పూరం, తడి బట్టలు, చెమట. అణిగి రాయిలా గట్టిపడిన ఆ దూదిని నాయన మళ్లీ మబ్బులా లేపేవాడు. అమ్మ కొత్త గుడ్డలో దాన్ని కూరి దబ్బనంతో కుట్టేది. సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తెల్లవారుజామునే చేసి, గిన్నెల మీద తడిగుడ్డ కప్పేది. అది కప్పకపోతే దూదితో సహా తినాలి. నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ రెండు గదుల మధ్య గడప మీద కూర్చుని చదువుకునేదాన్ని. ఎంత దువ్వుకున్నా జడలో ఒక పింజ మిగిలిపోయేది. కాలేజీలో నన్ను దూదిపింజ అనేవాళ్లు. నేను పలికేదాన్ని. పలకకపోతే ఏడిపించినట్టవుతుంది, పలికితే పేరైపోతుంది.

నాయనకు ఒక అలవాటు ఉండేది. కుట్టడం పూర్తయిన పరుపు మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. తను ఒక్క మోకాలు ఆనించి, లోపల ఎక్కడైనా గడ్డ తగులుతోందేమో చూసి, లేచి గుడ్డ సవరించేవాడు. అదొక మర్యాదలాగా చేసేవాడు. ఆయనకు దగ్గు ఉండేది. దూది పని చేసే ఇళ్లలో అందరికీ ఉండేదే కాబట్టి మేము దాన్ని జబ్బనుకోలేదు. ఒక చలికాలం ఊపిరి ఆడక పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు తల ఎత్తకుండానే, “బీడీలు మానెయ్, లేకుంటే చస్తావ్” అన్నాడు. నాయన జీవితంలో బీడీ ముట్టలేదు. అయినా చేతులు కట్టుకుని తల ఊపాడు. నేను ఆగలేక, “మా నాయన బీడీ తాగడు సార్, దూది ఏకుతాడు” అన్నాను. “నువ్వు డాక్టరువా?” అన్నాడాయన. కాదన్నాను. బయటికి వచ్చాక నాయన, “ఆయనతో మనకెందుకు మ్మే, మందు రాసిచ్చినాడు గదా” అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత అదే నాయనను నా వార్డులో పడుకోబెట్టుకుని, కేసు షీటు మీద పొగ అలవాటు లేదని నా చేత్తో రాశాను. ఆ మాట రాయడానికి అంత చదువు చదవవలసి వచ్చింది.

ఇంటర్ రెండో ఏడాదిలో ఎస్తేరు మేడం నన్ను ల్యాబులో ఆపి ఒక దరఖాస్తు ఫారం చేతిలో పెట్టింది. సరిహద్దు దాటితే తమిళనాడులో మిషన్ వాళ్ల వైద్య కళాశాల ఒకటి ఉందని, అక్కడ మార్కులు ఒక్కటే చూడరని, మనిషిని పిలిచి మాట్లాడతారని చెప్పింది. ఎందుకు డాక్టరు కావాలనుకుంటున్నావో సొంత చేతిరాతతో రాయాలి. చదువు చెప్పిన వాళ్ల దగ్గర ఒక ఉత్తరం, బంధువు కాని ఊరి పెద్దమనిషి దగ్గర ఒక ఉత్తరం తేవాలి. నేను ఉత్సాహంగా వ్యాసం రాసుకెళ్లాను. పేదలకు సేవ చేయడమే నా ఆశయమనీ, చిన్ననాటి నుంచీ తెల్లకోటు నా కల అనీ రాశాను. మేడం చదివి, కాగితం తిప్పి వెనక ఖాళీ వైపు నాకు చూపింది.

“దీని కంటే ఈ పక్క బాగుంది” అంది. “అది నువ్వు రాసింది కాదు మ్మే. ఎవురు రాసినా అట్లే రాస్తారు. నీకు నిజంగా ఎప్పుడు అనిపించింది?”

బీడీ సంగతి చెప్పాను. మేడం ఆ కాగితం మడిచి నా చేతికిచ్చింది. తర్వాత, “అది రాయి. కోపం ఉంటే ఉండనీ, తుడిచెయ్యొద్దు” అంది. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేసింది, మళ్లీ రాశాను. ప్రాక్టికల్స్ అయిపోయాక ఫార్మలిన్ వాసన మధ్య స్టూలు మీద కూర్చోబెట్టి ఇంగ్లీషులో ప్రశ్నలు అడిగేది. తెలియనిది తెలియదని చెప్పడం నేర్పడానికే ఎక్కువ కష్టపడింది. “తెలీదు అన్నాక తల వంచుకోవద్దు. తెలీదు అని సూటిగా చూసి చెప్పు” అనేది.

ఇక ఊరి పెద్దమనిషి ఉత్తరం. బస్టాండు దగ్గర ఒక లాడ్జి ఉండేది. దాని యజమానిని ఊరంతా పెద్దాయన అనేవాళ్లు, మేమూ అలాగే అనేవాళ్లం. నేను పుట్టకముందు నుంచీ ఆ లాడ్జి పరుపులన్నీ నాయనవే. నాయన వెళ్లి అడిగితే ఆయన సంతోషంగా ఒప్పుకుని, లాడ్జి పేరు అచ్చువేసిన కాగితం మీద ఇంగ్లీషులో టైపు చేయించి సంతకం పెట్టి ఇచ్చాడు. దూది అంటకూడదని నాయన దాన్ని కొత్త దిండు గలేబులో పెట్టి, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. “సదివి సెప్పు మ్మే, ఏం రాసినాడో” అని ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ కూడా దబ్బనం ఆపింది.

నేను చదువుతూ తెలుగులో చెప్పాను. ఈ పిల్ల తండ్రి చాలా ఏళ్లుగా మా లాడ్జిలో పరుపులు కుట్టే నమ్మకమైన పనివాడు. చదువు లేనివాడు, బీదవాడు. ఆ కుటుంబం మా దయ మీద బతుకుతోంది. తమరు కూడా దయ తలచి ఈ పిల్లకు ఒక సీటు ఇప్పించవలసిందిగా ప్రార్థన. అంతే. నేనేం చదివానో, ఎలాంటిదాన్నో ఒక్క ముక్క లేదు. నా పేరు ఒకేచోట ఉంది, అదీ తప్పుగా.

“దయ మీదనా?” అన్నాడు నాయన. “కుట్టినదాని మీద గదా మనం బతికేది.”

“మాటకేముండాది?” అంది అమ్మ. “పెద్దోళ్లు అట్లే రాస్తారు. సీటు రానీ ముందు.”

మర్నాడు ఆ కాగితం మేడంకు చూపించాను. ఆమె కూడా అమ్మ పక్షమే మాట్లాడింది. అది నేను ఊహించలేదు. “ఇచ్చేయ్” అంది. “నేను చదువుకునేటప్పుడు మా పేటలో మిషన్ దొరసాని ఒకామె ఇంత కంటే హీనంగా రాసింది నా గురించి. అనాథలాంటి పిల్ల, కనికరించండి అని. మా అమ్మానాయన ఇద్దరూ బతికే ఉండారు అప్పుడు. నేను ఆ కాగితం ఇచ్చే చదువుకున్నా. ఇప్పుడు నీకు పాఠం చెప్తాండా. కాగితం గెలవదు మ్మే, చదువు గెలుస్తుంది.”

“మీరు ఇచ్చింది తప్పని నేననడం లేదు మేడం. నేను మాత్రం ఇవ్వను” అన్నాను. ఎందుకని అడిగింది.  ఆ కాగితం పట్టుకుని వెళ్తే, అక్కడ చదివినన్నాళ్లూ అది నాకంటే ముందు గదిలోకి వెళ్తుందనిపించింది. దాన్ని ఇంగ్లీషులో గానీ తెలుగులో గానీ చెప్పలేక, “మా నాయన మొగం చూసినారా మీరు?” అన్నాను. మేడం విసుక్కుని లేచి వెళ్లిపోయింది.

పెద్దాయన దగ్గరికి నేనే వెళ్లాను. నాయన ఆరోజు అక్కడే, వరండాలో కూర్చుని ఒక పరుపు అంచు కుడుతున్నాడు. లోపల కౌంటరు ముందు గుండ్లు చేయించుకున్న కుటుంబం ఒకటి తాళంచెవి కోసం నిలబడి ఉంది. వాళ్లు వెళ్లేదాకా ఆగి, కాగితం బల్ల మీద పెట్టాను.

“ఏం మ్మే, అప్పుడే సీటు ఇచ్చేసినారా?” అన్నాడు పెద్దాయన నవ్వుతూ. నిజం చెప్పాలి, ఆయన చెడ్డవాడు కాదు. మా మీద ఆయనకు ఉన్నది నిజంగా దయే.

“లేదయ్యా. ఇది నాకు వద్దు. వెనక్కి తీసుకోండి.”

“తప్పులుండాయా? టైపు కొట్టినోడు తిక్కలోడు. మళ్లీ కొట్టిస్తాలే.”

“తప్పులు కాదయ్యా. నేను ఎట్లా సదువుతానో, ఎట్లాంటి పిల్లనో రాస్తారనుకున్న్యా.”

“అవన్నీ మార్కుల కాగితంలో ఉంటాయి గదా. నువ్వెవురో తెలిసేట్టు నేను రాసినా.”

“నేనెవురో దాంట్లో లేదయ్యా” అన్నాను. “మీరెవురో ఉండాది.”

ఆయన నవ్వు ఆగిపోయింది. కౌంటరు గుమాస్తా రిజిస్టరులో తల దూర్చాడు. పెద్దాయన నా వైపు కాక, తలుపులోంచి నాయన వైపు చూసి, “ఏం మస్తానూ, ఇంటివా నీ కూతురు మాట?” అన్నాడు. నాయన లేచి నిలబడ్డాడు. ఆయన క్షమించమంటాడేమో అనుకున్నాను. నాయన దబ్బనంలో మిగిలిన దారం తెంపి, “ఇన్యానయ్యా” అన్నాడు.  మళ్లీ కూర్చుని ఆ అంచు పూర్తిగా కుట్టి, మోకాలు ఆనించి చూసి, పరుపు గోడకు చేర్చి నాతో ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాత ఆ లాడ్జి నుంచి మాకు పరుపులు రాలేదు. దాన్ని చూసి ఇంకొన్ని లాడ్జీలు కూడా ఆగాయి. ముందు గది ఖాళీ అయింది. పొద్దున్నే ఏకేబద్ద మోత లేకపోవడం నాకు భరించరానిదిగా ఉండేది. అమ్మ నన్ను తిట్టింది, బాగా తిట్టింది. “నీ రోషానికి మేం పస్తుండాల్నా? ఆయప్ప నిన్నేం తిట్టినాడని? దయ అంటే బూతు మాటా?” అని గిన్నెలు విసిరేసింది. ఆమె అడిగిన దాంట్లో న్యాయం ఉంది.  నాయన ఏకేబద్దను సైకిలుకు కట్టుకుని ఏర్పేడు వైపు పల్లెలకు బయలుదేరాడు. ఇళ్ల ముందే కూర్చుని దూది ఏకి, పరుపు కుట్టిచ్చి వచ్చేవాడు. ఎండకు నల్లబడ్డాడు. అమ్మ ఏదో అనబోతే, “పండుకునేవాళ్లు లాడ్జీలోనే ఉంటారా ఏంది? యాడైనా ఉంటారు” అన్నాడు. ఆ మాట నన్ను వెనకేసుకొచ్చినట్టు కాదు. ఆ కాగితం మీద ఆయన చూపిన కోపం అదొక్కటే.

రెండో ఉత్తరం లేకుండానే దరఖాస్తు పంపాను. దాని స్థానంలో తెల్లకాగితం మీద, నాకు దొరికిన ఉత్తరం దయ చూపమని అడిగిందని, నేను అడుగుతున్నది అది కాదని, అందుకే జత చేయడం లేదని రాశాను. మేడం తలకొట్టుకుంది. “నీ ఫారం చెత్తబుట్టలో పడుతుంది, చూస్తా ఉండు” అంది. తను రాసిన ఉత్తరం మాత్రం కవరులో పెట్టే ముందు నన్ను ఎదురుగా నిలబెట్టి చదివి వినిపించింది. అది రహస్యంగా ఉంచాల్సింది కదా అన్నాను. “నీ ఎదురుగా చెప్పలేనిది నీ వెనక రాయను” అంది. అందులో ఇలా ఉంది: ఈ అమ్మాయి చెయ్యి నిదానం, కప్పను కోసేటప్పుడు తొందరపడదు. తెలియనిది తెలియదంటుంది. ఎదురు మాట్లాడుతుంది. ఒకసారి నేను బోర్డు మీద వేసిన బొమ్మలో తప్పు చూపింది. నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పిందే నిజం. అలా సాగింది.  నన్ను ఎవరో మొదటిసారి చూసినట్టు అనిపించింది.

చెత్తబుట్టలో పడలేదు. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. నాయన నాతో వచ్చి, ఆ కాలేజీ ఆవరణలో ఒక బెంచీ మీద కూర్చున్నాడు. లోపల వయసు మళ్లిన ఒక డాక్టరు కళ్లజోడు సర్దుకుని, “మీ టీచరు మీరు వాదిస్తారని రాశారు. నిజమేనా?” అని ఇంగ్లీషులో అడిగాడు. కాదంటే వాదించినట్టే, అవునంటే ఒప్పుకున్నట్టే. “నిజమే సార్, నా తప్పయితే ఆపేస్తాను” అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. పక్కనున్న ఒకామె నవ్వలేదు. నా తెల్లకాగితం చేతిలో పట్టుకుని, “దయ లేకుండా వైద్యం ఎలా చేస్తావమ్మా?” అంది. “దయ రోగం మీద చూపిస్తాను. మనిషిని మాత్రం అడిగి తెలుసుకుంటాను” అన్నాను. అది గొప్ప జవాబేమీ కాదు. ఈ వయసులో అడిగితే ఇంకా బాగా చెబుతాను. ఆ రోజు నా దగ్గర ఉన్నది అంతే.

సీటు రాలేదు. జాబితాలో నా పేరు లేదు. ఆ ఉత్తరం ఇచ్చి ఉంటే వచ్చేదని అమ్మ అంది, వీధి అంది, చివరికి మేడమూ అంది. అయ్యుండొచ్చు. నాకంటే మంచి పిల్లలు వచ్చి ఉండొచ్చు కూడా. ఒక ఏడాది అమ్మ పక్కన కూర్చుని గలేబులు కుడుతూ, మేడం తెచ్చిచ్చిన పుస్తకాలు చదివి, మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాశాను. దానికి ఎవరి ఉత్తరమూ అక్కర్లేదు. సర్కారు కాలేజీలో సీటు వచ్చింది. ఆ సంగతి తెలిసి పెద్దాయన, మా పరుపుల మస్తాను కూతురు డాక్టరవుతోందని లాడ్జికి వచ్చిన వాళ్లందరికీ చెప్పాడట. మళ్లీ పనికి రమ్మని నాయనకు మనిషిని పంపాడు. నాయన ఆ మనిషికి మంచినీళ్లిచ్చి, “పల్లెల్లో పని శానా ఉండాదని సెప్పప్పా” అని పంపేశాడు.  ఆ రోజు అమ్మ ఆయనకు సంగటి ముద్ద కొంచెం పెద్దది పెట్టింది.

మేడంతో నేను చివరిసారి మాట్లాడినప్పుడు ఆమె మంచంలో ఉంది. “నువ్వు చేసింది తప్పే మ్మే” అంది, అన్ని ఏళ్ల తర్వాత కూడా. “మీ నాయన ఎండలో సైకిలు తొక్కినాడు నీ మాట కోసం.” అవునన్నాను. “అయినా అట్లా చేయొచ్చని నాకు తోచనే లేదు ఆ వయసులో. అది మాత్రం ఇప్పటికీ కుళ్లుగా ఉండాది నాకు” అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు వైద్య కళాశాలలో పాఠం చెబుతూ, నేనే ఉత్తరాలు రాసే చోట కూర్చున్నాను. తిరుపతిలో ఏ సందు తిరిగినా ర్యాంకుల పిల్లల ఫొటోలతో కోచింగ్ సెంటర్ల బోర్డులే. వాళ్ల ముఖాల కింద అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఆ అంకె దాటి పై చదువులకు వెళ్లాలనుకున్నప్పుడు వాళ్లకు ఉత్తరం కావాల్సి వస్తుంది. అప్పుడు ముందే టైపు చేయించిన కాగితంతో వచ్చి, సంతకం ఒకటి చాలంటారు. మా రోజుల్లో దయ ఉండేది, ఇప్పుడు పొగడ్త ఉంది. రెండింటిలోనూ మనిషి ఉండడు. మొన్న భువన అనే హౌస్ సర్జన్ అలాంటి కాగితమే తెచ్చింది. నగరిలో వాళ్ల నాయనకు మరమగ్గాలు ఉన్నాయి. ఢిల్లీలో ప్రజారోగ్యం కోర్సుకు దరఖాస్తు పెడుతోంది. కాగితం నిండా అసాధారణ నాయకత్వం, అపారమైన ప్రతిభ. నేను దాన్ని పక్కన పెట్టి, ఆమెను కూర్చోమన్నాను.

“వార్డులో ఆ ముసలామె సంగతి నాకు మళ్లీ చెప్పు” అన్నాను.

సంగతి ఇది. ఒక ముసలామె ఏమడిగినా బదులు చెప్పడం లేదని, కేసు షీటులో సహకరించడం లేదని రాయమన్నాడు సీనియరు. భువన రాయనంది. ఆమెకు చెవుడు, మొండితనం కాదు అంది. రౌండ్స్‌లో అందరి ముందూ చీవాట్లు తింది, అయినా రాయలేదు.

“ఆమెకు చెవుడని నీకెట్లా తెలిసింది?”

“మా నాయన అట్లే చూస్తాడు మేడం, మన నోటి దిక్కు. మగ్గాల సద్దుకి ఆయనకు చెవులు పోయినాయి” అంది.

నేను కలం తీసుకుని అదే రాయడం మొదలుపెట్టాను. సీనియరు మాట వినలేదన్న ముక్క కూడా రాశాను. రాస్తూ పైకి చదువుతుంటే ఆమె కుర్చీ అంచుకు జరిగింది.

“ఇట్లా రాస్తే సీటు ఇస్తారా మేడం?”

“ఇవ్వకపోవచ్చు” అన్నాను.

భువన తను తెచ్చిన కాగితం వైపు ఒకసారి చూసింది, నా చేతి కింద ఉన్నదాని వైపు ఒకసారి చూసింది.

“అయినా రాయండి మేడం” అంది.